వేరు కుంపటి వద్దన్న సర్వరు

శ్రీసత్యకి ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి! నిన్న సాయంత్రం దాకా నిక్షేపంలా నడిచిన నరసాపురం లేసు సైటు పొద్దున్నే తెరిస్తే, తెల్లటి తెర మీద ఒక్క ఎర్రర్ లైను. ఊళ్ళో ఆడవాళ్ళు కళ్ళు పోగొట్టుకుని అల్లిన టేబుల్ కవర్లు, కాలర్లు, ఒక్క బొమ్మయినా కనబడితే ఒట్టు.

ఎవరి నిర్వాకమో వెతకక్కర్లేదు. భీమవరంలో కింద రొయ్యల మేత దుకాణం, మేడ మీద ఈ కంప్యూటర్ల ఆఫీసు, రెండూ సాంబశివరాజు గారివే. శ్రీసత్య ఉద్యోగం ఆ ఆఫీసులోనే, లేసు సైటు నడిచేదీ అక్కడి సర్వరు మీదే. ఆయన అన్నగారబ్బాయి సందీప్ హైదరాబాదులో కోర్సు చేసొచ్చి, రొయ్యల ధరలు చెప్పే సైటొకటి తయారుచేశాడు. దానికి కొత్త ప్యాకేజీలు, అదే సైటుని నడిపే సాఫ్ట్‌వేరు సరుకు, కావాల్సి వచ్చాయి. రాత్రికి రాత్రి సర్వరు మొత్తానికీ కొత్తవి ఎక్కించేశాడు. లేసు సైటు పాతవాటి మీద నడుస్తోందన్న ఊసే లేదు. పాతవి పోయాయి, అది కూలబడింది.

ఇలా అవుతుందని ఆమె ఎప్పుడో మొత్తుకుంది.

"సర్వరు ఒకటే అయినా ఏ సైటు ప్యాకేజీలు ఆ సైటుకి విడిగా పెడదామండి రాజుగారూ. వర్చువల్ ఎన్వ్ అని కొత్తగా వచ్చిందండి. ఒకదాంట్లో ఏం మార్చినా రెండోదానికి తెలియను కూడా తెలియదు."

"వేరు కుంపట్లా?" అని పెద్దగా నవ్వాడాయన. "అన్నదమ్ములం ఇప్పటికీ ఒక్క పొయ్యి మీద వండుకు తింటన్నాం. నా సర్వర్లో వేరు కాపురాలు పెట్టిస్తావా? కుదరదమ్మా."

దాన్ని ఇంటి పరువు చేసుకుని కూర్చున్నాడు. కంప్యూటరుకి ఉమ్మడి కుటుంబం ఏంటి, నలుగురూ వింటే నవ్విపోరూ!

ఇంతలో ఫోను. నరసాపురం లేసు సంఘం పెద్ద మహాలక్ష్మమ్మ.

"ఆయ్, నేనేనమ్మా సత్యా. ఢిల్లీ కొట్టావిడ పన్నెండింటికి మన డిజైన్లు చూస్తానంది. కనబడకపోతే ఆర్డరు ఇంకెవరికో ఇచ్చేస్తదంట. ఈ వానాకాలమంతా మావోళ్ళకి పనంటే అదేనమ్మా."

"కనబడతాయండి. పూచీ నాది," అంది శ్రీసత్య. ఫోను పెట్టేసి తిన్నగా రాజుగారి దగ్గరికెళ్ళింది.

అక్కడ సందీప్ సైటు ప్రారంభోత్సవం హడావుడి. కుర్చీలు వేస్తున్నారు, పూతరేకులు వచ్చేశాయి.

"అరగంట చాలండి. సందీప్ గారి సైటు జోలికి వెళ్ళను. లేసు సైటుకి విడిగా చోటు కట్టి, దాని పాత ప్యాకేజీలు అందులో వేసుకుంటాను."

"మనది తెరిచేదాకా సర్వరు మీద చెయ్యి వెయ్యకు," అన్నాడు రాజుగారు. "లేసోళ్ళు రేపు చూపించుకుంటార్లే. కరెంటు పోయిందని చెప్పు."

"పాత కోడు కదక్కా, అందుకే పడిపోయింది," అన్నాడు సందీప్ తల ఎత్తకుండానే.

పాడుచేసినవాడికి చీమ కుట్టినట్టయినా లేదు! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"రాజుగారూ, మీ కొత్త రొయ్యల చెరువులో తెల్లమచ్చ తెగులు వచ్చింది కదండీ. అందులో వేసిన వల తీసి పక్క చెరువులో వేయనిస్తారా?"

"కాళ్ళు విరగ్గొడతాను," అన్నాడాయన వెంటనే. "వల కాదు, బకెట్టు కూడా గట్టు దాటకూడదు. ఏ చెరువు సామాను ఆ చెరువుకే."

"మరి సర్వర్లోనోండి?"

ఆయనకి అర్థమైంది. మొహం చూస్తేనే తెలిసింది. హమ్మయ్య, ఒప్పుకుంటాడనుకుంది.

"అవి నా రొయ్యలమ్మా," అన్నాడు నెమ్మదిగా.

ఓహో, అదా సంగతి! ఉమ్మడి పొయ్యీ, ఇంటి పరువూ అన్నీ పైమాటలే. పోయేది తనదైతే చెరువుకో వల. పోయేది ఎవరో ఆడవాళ్ళ కూడైతే అన్నీ కలిపి కుమ్మేయొచ్చు. ఎంత అన్యాయం!

"ఇవి వాళ్ళ లేసులండి," అని వెళ్ళి తన కంప్యూటరు ముందు కూర్చుంది.

"చెప్తే వినపడట్లేదా? రేపణ్ణుంచి పనిలోకి రావక్కర్లేదు."

"అలాగేనండి," అంది వేళ్ళు ఆపకుండా.

కొత్త చోటు కట్టింది. పాత ప్యాకేజీలు ఒక్కొక్కటే వచ్చి అందులో కూర్చుంటున్నాయి. రైతులు మెట్లెక్కి వస్తున్నారు, రాజుగారు వాళ్ళ ముందు అరవలేక పళ్ళు నూరుకుంటున్నాడు. లేసు సైటు తెరుచుకుంది. రొయ్యల సైటు కూడా తెరిచి చూసింది. అది చెక్కుచెదరలేదు.

పన్నెండు దాటాక మళ్ళీ ఫోను మోగింది.

"ఖాయం చేసేసిందమ్మా!" అంది మహాలక్ష్మమ్మ. "అడగ్గానే పని చేసిపెట్టారు, మీ రాజుగారు చల్లగా ఉండాలి. మా అందరి దండాలు చెప్పమ్మా."

శ్రీసత్య లేచి నిలబడింది. రాజుగారు ఎదురుగానే రైతులకి పూతరేకులు పంచుతున్నాడు.

"ఆయన వద్దన్నారండి మహాలక్ష్మమ్మ గారూ," అంది, ఆ గదిలో ప్రతి ఒక్కరికీ వినపడేలా. "మీ సైటు పాడుచేసింది మేమే. బాగుచేస్తానంటే రాజుగారు వద్దన్నారండి."