దేవె పేరులోని ఎత్వం

నేను ఒక చేతి మైకుని. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, ఖమ్మంలో ఒక ఎలక్ట్రికల్ షాపు అద్దాల వెనక ఏడాది కూర్చున్నాను. నాకు సొంత గొంతు లేదు. ఎవరు నోరు పెడితే వాళ్ల మాటను పదింతలు చేస్తాను. అందుకే మనుషులు నన్ను నమ్ముతారు, పాపం.

నన్ను కొన్నది ఒక సంఘం. దాని పెద్ద సత్యానందం సారు. గొడవలకు భయపడి ఛత్తీస్‌గఢ్ నుంచి కుండా తట్టా పట్టుకొచ్చి, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల తరఫున మాట్లాడేవాడు. వాళ్లకు కార్డు లేదు, బోరు లేదు. గుడిసెలు ఏ పూట పీకేస్తారో తెలియదు. రెండు ఊరేగింపులకే సారు గొంతు పోయింది. నన్ను దేవె చేతికిచ్చాడు.

దేవె ఆ గూడెం మనిషే. పుట్టినప్పుడు పెట్టిన పేరు మడివి దేవా. వాళ్లలో మగపిల్లవాడైతే దేవా, ఆడపిల్లయితే దేవె. పదహారో ఏట ఆమె చీర కట్టుకుని, పేరులో దీర్ఘం తీసేసి ఎత్వం పెట్టుకుంది. గూడెం మూతి తిప్పుకుంది. కానీ తెలుగు బాగా వచ్చింది ఆమె ఒక్కదానికే. ఆఫీసు పని పడేసరికి ఆ మూతులే ఆమె గుమ్మం ముందుకొచ్చాయి.

ఆమెది బొంగురు గొంతు. నాలోంచి వినపడితే ఆఫీసు గేటు దగ్గర జనం ముసిముసిగా నవ్వేవాళ్లు. ఆమె ఖాతరు చేయలేదు. నాకు రికార్డు బటన్ ఉందని కనిపెట్టి ఒక మాట నింపింది: "నా పేరు మడివి దేవె. మేం ఎక్కడికీ పోం. మాకు నీళ్లియ్యండి." గొంతు అలిసినప్పుడు బటన్ నొక్కి నన్నే అరవమనేది. అలా మూడేళ్లు అరిచాం. గుడిసెలు పీకడానికి మనుషులొచ్చిన రోజు ఆమె దారికి అడ్డంగా కూర్చుంది, ఆమె ఒళ్లో నేను.

చివరికి సర్కారు దిగొచ్చింది. సభ పెట్టి కార్డులిస్తామంది. మూడుసార్లు పిలిచినా పలకనివాళ్లు ఊళ్లో లేనట్టే లెక్క. ముందురోజు మధ్యాహ్నం సారూ, గూడెం పెద్ద హుంగా పటేలూ జాబితా రాస్తుంటే నేను వాళ్లు కూర్చున్న మంచం మీదే ఉన్నాను. దేవె అని రాస్తే ఆఫీసులో కిరికిరి పెడతారు, ఒక్క పేరు కోసం గూడెమంతా ఆగిపోతుంది అన్నాడు సారు. హుంగా నేల చూస్తూ తల ఊపాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

మర్నాడు సారు నన్నే నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మడివి దేవా."

అడవంతా వినపడేలా నేనే అరిచాను. అంతకుముందు ఎన్నో సభల్లో బ్యాటరీలు అయిపోయి మొరాయించినదాన్ని, ఆ రోజు మాత్రం కొత్తవి వేశారు. కొంగు సర్దుకుంటూ లేవబోయిన దేవె మళ్లీ కూర్చుంది. సారు రెండోసారి పిలిచాడు. హుంగా ఆమె పక్కకు వెళ్లి వంగాడు.

"పలుకు బిడ్డా, ఒక్కసారే గదా."

"గుడిసెలు పీక వచ్చిన దినం నన్నేమని పిలిచినవ్ పటేలా?"

హుంగా వెనక్కి జరిగాడు. ఆమె సారు వంక చూడలేదు, నా వంక చూసింది. మూడోసారి కూడా నేను దేవా అనే అరిచాను. సారు ఆ పేరు కొట్టేసి తర్వాతి పేరు చదివాడు.

ఆ వారమే దేవె గూడెం వదిలి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా బోరు పడింది. నీళ్లు తియ్యగా ఉన్నాయట. సంఘానికి నాతో పని లేకపోయింది, పాత సామాన్లలో వేసేశారు.

నన్ను తీసుకున్న తోపుడుబండి ఆయన మొదటిరోజు బటన్ నొక్కితే దేవె గొంతు పలికింది. సందులో ఇద్దరు ఆడవాళ్లు ఆగి విన్నారు. ఆయన, "ఎవరో ఏమో" అనుకుని, దాని మీదే తన మాట నింపాడు. నాలో ఒక్క మాటకే చోటు. ఇప్పుడు పాత ఇనుము కొంటాం, ప్లాస్టిక్ కొంటాం అంటూ వీధులు తిరుగుతున్నాను. ఏ కాగితం మీదా లేని ఆ ఎత్వం నా దగ్గర ఉండేది. అదీ పోగొట్టాను.