నాలుగు గళ్ల కాగితం

ఆఫీసరమ్మ చేతికి కాగితం అందించి బొమ్మలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. పోలీసు స్టేషనులో ఆ చిన్న గదిలో ఉన్నది వాళ్లిద్దరే. బొమ్మలమ్మకు ఈ దేశపు భాషలో వచ్చింది మూడంటే మూడు మాటలు: అవును, కాదు, తొందరగా. కుట్టుపని షెడ్డులో అంతకు మించి ఎవరూ నేర్పలేదు.

గుడ్డల మీద పూలూ తీగలూ గీసేది గనక షెడ్డులో ఆమెకు ఆ పేరు పడింది. మాట రాకపోతేనేం, చెయ్యి ఉందిగా. పెన్సిలు అడిగి పుచ్చుకుని, వరసగా నాలుగు గళ్లు కొట్టి, జరిగిందంతా వేసేసింది. మొదటి గడిలో షెడ్డు మేస్త్రీ ఆమె సంచీలోంచి పాస్‌పోర్టు లాగుతున్నాడు. రెండో గడిలో తెరిచిన బీరువాలో చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మూడో గడిలో ఆమె మూసిన తలుపు ముందు ఉంది. నాలుగో గడిలో ఆమె కాలు ఒకటి కిటికీ లోపల, ఒకటి బయట. పసిపిల్లలకైనా అర్థమవుతుంది.

మేస్త్రీ పరాయివాడు కాదు, మన భాషవాడే. అందరిచేతా 'అన్నయ్యా' అనిపించుకుంటాడు. పాస్‌పోర్టులు దాచేదీ ఆ అన్నయ్యే, బయట గొళ్లెం పెట్టేదీ ఆ అన్నయ్యే.

ఆఫీసరమ్మ కాగితం చూసి కనుబొమలు ముడిచింది. జాలిపడుతుందనుకున్న ముఖం కాస్తా బిగుసుకుపోయింది. లేచి తలుపు గడియ వేసింది. బొమ్మలమ్మ ఏప్రను మీదున్న షెడ్డు గుర్తు చూస్తూ ఎక్కడికో ఫోను చేసింది.

షెడ్డుకు ఫోనంటే ఎత్తేది అన్నయ్యే. ఎక్కడ తేడా కొట్టింది?

బొమ్మలమ్మ బిక్కుబిక్కుమంటూ చుట్టూ చూసింది. గోడ మీద, మంటలు లేస్తే ఎలా తప్పించుకోవాలో చూపే బొమ్మల అట్ట ఉంది. ఎడమ చివర ఒక మనిషి క్షేమంగా వీధిలో నిలబడ్డాడు. నడుమ మెట్ల మీద ఉన్నాడు. కుడి చివర మంటల్లో ఉన్నాడు. బుద్ధున్నవాడెవడైనా వీధిలోంచి మంటల్లోకి వెళతాడా?

షెడ్డులోనూ అలాంటి అట్టే ఉంది. ఎడమ చివర వేలికి కట్టు, కుడి చివర సూది కింద వేలు.

"చూశావా పిన్నీ, వీళ్లు ముందు కట్టు కట్టుకుని తర్వాత వేలు పొడుచుకుంటారు," అంది తను ఒకరోజు.

"ముందుచూపున్న మనుషులే. మనకే లేదు, ఉంటే ఈ కొంపకొస్తామా?" అంది పక్క మిషను పిన్ని. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

అది నవ్వాల్సిన సంగతి కాదని ఇప్పుడు తెలిసింది. వీళ్లు కుడి నుంచి ఎడమకు చదువుతారు.

తన కాగితాన్నీ అలాగే చూసింది. ఒక ఆడది కిటికీలోంచి లోపలికి దూరుతోంది. తలుపు దగ్గర పొంచి ఉంది. పెద్దమనిషి బీరువా తెరిచి వెతుక్కుంటున్నాడు. పోయిన వస్తువు ఆమె సంచీలోంచి బయటికి లాగుతున్నాడు. దొంగ దొరికింది. తన నేరం తనే ఒప్పుకుని సంతకం పెట్టినంత పనైంది.

అంతలో తలుపు తట్టారు. ఆఫీసరమ్మ గడియ తీసింది. అన్నయ్య వచ్చాడు. ఆఫీసరమ్మతో వాళ్ల భాషలో గలగలా మాట్లాడాడు. ఆమె తలాడించింది. అప్పుడు బొమ్మలమ్మ వైపు తిరిగాడు.

"ఏంటి తల్లీ, అన్నం వేళకి ఇలా వీధిన పడ్డావ్? పద, ఇంటికెళ్దాం."

"నేను రాను."

"ఇక్కడ నీకు నోరూ చెవులూ నేనేనమ్మా. నువ్వేం చెప్పినా వీళ్లకి చెప్పాల్సింది నేనే." నవ్వు చెదరకుండానే గొంతు తగ్గించాడు. "నీకు కిటికీ తీసిందెవరో సాయంత్రానికి తేలుస్తాలే."

పిన్నే తీసింది. గుడ్డలు ముడేసి, కొస మిషను కాలికి కట్టి, "కిందకి చూడకే, నా మొహం చూడు. దీనికంటే భయంకరమైంది కింద ఏదీ లేదు," అంటూ సాగనంపింది.

బొమ్మలమ్మ కాగితం లాక్కుని నాలుగు ముక్కలుగా చింపింది. ఆఫీసరమ్మ చెయ్యి నడుముకున్న తుపాకీ దగ్గరకు పోయింది. బొమ్మలమ్మ ఆగలేదు. మొదటి ముక్క కుడి చివర పెట్టింది. దాని పక్కన రెండోది, మూడోది, ఎడమ చివర నాలుగోది.

అన్నయ్య కణత మీద వేలు తిప్పుతూ ఏదో అన్నాడు. పిచ్చిదంటున్నాడు కాబోలు. ఆఫీసరమ్మ చూపు అటూ ఇటూ ఊగింది.

చాలదు. బొమ్మలమ్మ మరో కాగితం అందుకుంది. గది లోపల మిషను, దాని కాలికి ముడి, ముడి నుంచి కిటికీ బయటికి వేలాడే గుడ్డ. ముడి దగ్గర పిన్ని చేతి బొమ్మ గీయబోయి, అన్నయ్య మెడ చాచి చూడటం గమనించి ఆపేసింది. తన రెండు అరచేతులూ బల్ల మీద పరిచింది. గుడ్డ ఒరుసుకుని లేచిపోయిన చర్మం ఇంకా పచ్చిగానే ఉంది.

బయటి నుంచి వచ్చే దొంగ లోపల ముడెలా వేస్తుంది?

ఆఫీసరమ్మ ఆ ముడిని చాలాసేపు చూసింది. తర్వాత కుడి నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్క మీదా వేలు జరుపుతూ వచ్చింది. బీరువా దగ్గర వేలు ఆగింది. అన్నయ్య ముందు అరచెయ్యి చాచి ఒకే ఒక్క మాట అడిగింది.

బొమ్మలమ్మకు ఆ మాట తెలియదు. అన్నయ్య చెయ్యి మాత్రం, అతనికే తెలియకుండా, తాళాల గుత్తి ఉన్న చొక్కా జేబును మూసేసింది.

ఆఫీసరమ్మ అది చూసింది. లేచి వెళ్లి తలుపు గడియ వేసింది, ఈసారి అన్నయ్య వెనక.

అయినా బొమ్మలమ్మకు ధీమా కలగలేదు. ఆ షెడ్డు తాళాలు ఇంకెంతమంది దగ్గరున్నాయో. మరో కాగితం తీసుకుని, కుడి చివర మొదటి గడి కొట్టింది. అందులో మూసిన తలుపు, దాని వెనక పిన్ని.

"తొందరగా," అంది వాళ్ల భాషలో.