కురుచ కొసలు

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది కార్తీకంలో, హుస్నాబాద్ పక్క పల్లెలో, భూమన్న బావిలో నీళ్లు తోడే ఇనుప మోట తెగి పడింది. తీయడానికి గంగయ్యను పిలిచారు. నీళ్లలో మునిగి వస్తువులు తీయడంలో ఆయనకు సాటి లేరు. నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు. అడుగు నుంచి రెండుసార్లు గుంజితే పైనున్నవాళ్లు లాగాలి. ఆ తాడే ఆయన ప్రాణం. ఆ రోజు పైన తాడు పట్టుకున్నది నేను, భూమన్న.

ఆ బావి లోతుకు ఆయన జనుము తాడు చాలలేదు. భూమన్న ఇంట్లోంచి సన్నటి నూలు తాడు తెచ్చాడు. గంగయ్య రెంటినీ మామూలు ముడితో కలపబోతే నేను ఊరుకోలేదు. లావుకు సన్నం కలిపితే ఆ ముడి జారుతుందని వాదించాను. మాది మగ్గం పని, రోజుకు నూరు పోగులు అతికే చేతులివి. లావు తాడును మడిచి, మడతలోంచి సన్నదాన్ని తీసి, చుట్టూ తిప్పి, దాని కిందే దూర్చి బిగించాను. గొప్పగా గుంజి చూపిస్తే ఆయన నవ్వి సరేనన్నాడు.

అక్కడితో ఆగితే నా సొమ్మేం పోయేది? మొలలోంచి కత్తి తీసి రెండు కొసలూ ముడి దగ్గరికి కోసేశాను. మగ్గం మీద కొసలు మిగిలితే, పోగులు దూరే దువ్వెనలాంటి పన్నె దంతాల్లో చిక్కి పోగు తెగుతుంది, అందుకే ముడి పడగానే కత్తిరిస్తాం. తాడు పన్నెలోంచి పోదని, బరువుకు జారే ముడికి పొడుగు కొసే ఆసరా అని నా పాడు బుర్రకు తట్టలేదు.

కాసేపటికి తాడు రెండుసార్లు కదిలింది. లాగాం. మొదట బరువుగా వచ్చింది, తర్వాత ఒక్కసారిగా తేలికైంది. నా చేతికి ఉత్త నూలు తాడే వచ్చింది. ఇద్దరు దూకి ఆయనను తెచ్చేసరికి ప్రాణం లేదు. కాలు రాళ్ల మధ్య బురదలో ఇరుక్కుందట.

జనుము తాడు నాని, కుళ్లి తెగిందన్నారు అందరూ. తెగిన తాడుకు పీచులు లేస్తాయి. నా చేతిలోని నూలు కొసకు ముడే లేదు, నేను కత్తితో కోసినట్టే నున్నగా ఉంది. గుప్పిట మూసుకున్నాను.

పదకొండో రోజు గంగయ్య భార్య లస్మవ్వ ఇంటికి పోయాను. వానకాలమంతా తాడును వాకిట్లో తడవనిచ్చి మొగుణ్ని తానే చంపుకున్నానని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. వినలేకపోయాను.

"తాడు తెగలే వదినె," అన్నాను. "ముడి ఊడింది. కొసలు నేనే కురుచగ కోసిన."

ఆమె నా చేతులవైపు చూసింది.

"పది దినాల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న, అంబదాసూ. ఇయ్యాల్టి సంది నిన్ను తిట్టుకుంట. నా కండ్ల ముందట ఉండకు, పో."