కోసిన తాళం

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కరెంటు పని చేసే ఆ అమ్మాయిని అందరూ మిరపకాయ అంటారు. ఆ పేరు పెట్టింది ఆమె మేనమామే. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే, అక్కడ సూపర్‌వైజరూ ఆయనే. ప్యానెల్ మీద పని చేసేవాళ్లు ముందు కరెంటు ఆపి, మళ్లీ ఎవరూ వెయ్యకుండా మీటకు ఎవరి తాళంకప్ప వాళ్లు వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకోవాలని నేర్పింది కూడా ఆయనే. వేసినవాళ్లే ఆ తాళం తియ్యాలి, దేవుడు దిగొచ్చినా ఇంకొకరు ముట్టుకోకూడదు. ఈ మాట చెప్పేటప్పుడు మామయ్య ఎంత గంభీరంగా చూపుడువేలు ఆడించేవాడో!

అంతటి పెద్దమనిషి నిన్న ఆమె తాళాన్ని కట్టర్‌తో కోసేశాడు.

అప్పటిదాకా ఆమె ప్యానెల్ వెనక కూర్చుని, లోపలి రాగి పట్టీల మీద దుమ్ము తుడుస్తూ, వదులైన బోల్టులు బిగిస్తోంది. ఒక బోల్టుకు పానా సరిపోలేదు. పెద్దది తెచ్చుకుందామని లేచి, గుమ్మం దగ్గరున్న సంచీలో చెయ్యి పెట్టిందో లేదో, వెనక ప్యానెల్ గుయ్యిమంది. ఇంతసేపూ తన వేళ్లున్న చోట ఇప్పుడు కరెంటు పారుతోంది. ముందువైపుకు పరిగెత్తింది. మామయ్య కట్టర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తాళం రెండు ముక్కలై ఆయన కాళ్ల దగ్గర పడి ఉంది.

మెషిన్లో జిగురు గడ్డకడుతోందని మేనేజరు ప్రాణం తీశాడట. బెంచీ మీద ఆమె క్యారేజీ కనబడకపోయేసరికి తినడానికి వెళ్లిందనుకున్నాడట. చీమలు పడుతున్నాయని ఆమె దాన్ని పై అరలో పెట్టుకుంది. మనిషి లోపల ఉందో లేదో క్యారేజీని చూసి తేల్చేస్తారా? నాలుగడుగులు వేసి వెనక్కి తొంగిచూస్తే కాళ్లు అరిగిపోతాయా? ఒక్క కేక వేస్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?

"ఏం కాలేదుగా," అన్నాడు మామయ్య, తల గోక్కుంటూ.

ఆ మాట ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. ఆఫీసులో చెబితే తన తమ్ముడి ఉద్యోగం ఊడుతుందని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంటి పరువు ఇంట్లోనే ఉంచమని అత్తయ్య ఫోన్‌లో బతిమాలింది. ఏం కాలేదుగా, ఏం కాలేదుగా అని ఇద్దరిదీ ఒకటే పాట. మంచినీళ్ల గ్లాసు ఎత్తితే సగం ఆమె ఒళ్లోనే ఒలికింది. ఆ చేతుల వంక ఒక్కరూ చూడలేదు. పోనీ, తప్పయిందమ్మా అని మామయ్య ఒక్క మాట అంటే చాలు, దిగమింగేద్దామనుకుంది.

పొద్దున్నే మామయ్య పదిమందిలో జోకేశాడు. మా మిరపకాయను ముట్టుకుంటే కరెంటుకే మంట పుడుతుంది అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిన్న ఆగిపోయిన పని పూర్తిచెయ్యాలని కరెంటు ఆపి, మీటకు కొత్త తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. తన చేతులింకా వణుకుతున్నాయని, మిగిలిన ఆ ఒక్క బోల్టూ మామయ్యనే బిగించమని అందరి ముందూ అడిగింది. కాదనడానికి ఆయనకు దారి లేదు. సూపర్‌వైజరయ్యాక సొంత తాళం మోసే అలవాటు ఆయనకెప్పుడో పోయింది.

ఆమె తాళాన్నే పట్టి లాగి చూశాడు. మళ్లీ లాగాడు. పానా తీసుకుని ప్యానెల్ వెనక గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి, బోల్టు ముట్టుకోకుండానే, లేచి వచ్చి చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇలా ఇవ్వు."

"నా జేబులో ఉందిగా మామయ్యా. నేనెక్కడికీ పోనుగా."

"అయినా సరే, ఇవ్వు. లోపల చెయ్యి పెట్టేది నేను."

"అవును," అందామె. "నిన్న పెట్టింది నేను."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పొద్దున నవ్వినవాళ్లెవరూ ఇప్పుడు తలెత్తలేదు. ఆమె నిన్న ఏరి బెంచీ మీద పెట్టిన తెగిన తాళం ముక్కలు తీసుకుని ఆఫీసు గదివైపు నడిచింది.