ముందు గదిలో ఎర్ర కప్పు ఇల్లు

నెలలో మొదటి శనివారం మధ్యాహ్నం లాలాగూడ వర్క్‌షాపు సైరన్ మోగగానే డోరా ఆఫీసులో ఫైళ్లు కట్టేసి, బస్సెక్కి జనరల్ బజార్‌కి పోతుంది. అక్కడ బ్రహ్మచారి బొమ్మల దుకాణంలో ఆమె కోసం ఒక స్టూలు వేసి ఉంటుంది. పేరు బ్రహ్మచారే గాని ఆయనకి నలుగురు పిల్లలు. ఆ నలుగురిలో ఒక్కరికీ దుకాణంలో బొమ్మ ముట్టుకునే వీల్లేదు.

ఎనిమిదేళ్ల కిందట డోరా మొదటిసారి ప్లాస్టిక్ ఇటుకల సెట్టు అడిగినప్పుడు ఆయన అలవాటుగా, "పిల్లగాడికి ఎన్నేండ్లు మేడమ్?" అన్నాడు.

"నలభై రెండు," అంది డోరా.

డబ్బా మీద ఐదు నుంచి పన్నెండు అని రాసి ఉంది. ఆయన డబ్బాని చూశాడు, ఆమెని చూశాడు, స్టూలు తెప్పించాడు.

సెట్టు ఎంచుకోవడం డోరాకి గంటన్నర పని. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా అంత చూడరు. డబ్బా మీది బొమ్మని ఆమె నమ్మదు. కిటికీలు లెక్కపెడుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపి, చిన్న ముక్కలు ఎక్కువున్నాయా పెద్ద ముక్కలు ఎక్కువున్నాయా అని వింటుంది. గోడంతా ఒకే పలకగా వచ్చే సెట్టయితే వెనక్కి నెట్టేస్తుంది. గోడ వాళ్లే కట్టి పంపితే ఇంక నేను కట్టేదేముంది అని ఆమె వాదన. ప్రతి సెట్టులోనూ నాలుగైదు ముక్కలు ఎక్కువే వేస్తారు. ఆ మిగిలినవన్నీ ఇంట్లో ఒక హార్లిక్స్ సీసాలో దాస్తుంది.

అలా ఆమె రైల్వే క్వార్టర్ ముందు గదిలో, పొడుగాటి బల్ల మీద, ఒక ఊరు లేచింది. స్టేషను, పోస్టాఫీసు, వరసగా ఇళ్లు. సాయంత్రం ఆరవగానే ఆ ఇళ్లలో దీపాలు వెలుగుతాయి, వంటల పొగ లేస్తుంది. ఆరుంబావుకి రైలొస్తుంది. వర్క్‌షాపు సైరన్ రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది గాని డోరా రైలు కాదు. అందుకని కాలనీవాళ్లు గడియారాలు దాన్ని చూసే సరిచేసుకుంటారు. పక్క క్వార్టర్ రోసమ్మకి మాత్రం ఒక ఫిర్యాదు ఉండేది, ఆ పొగవల్ల తను ఆరేసిన చీరలకి ఎండుచేపల వాసన పడుతోందని. రోసమ్మే వారానికి మూడుసార్లు ఎండుచేపలు వండుతుందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

డోరా అన్న జీవరాజు అదే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. రిటైరైతే క్వార్టర్ అప్పజెప్పాలి. మెట్టుగూడలో అద్దె ఇల్లు దొరికేదాకా, పదిహేను రోజులు, అని భార్య ఆలిస్‌నీ కొడుకు పేతురునీ వెంటబెట్టుకుని పెళ్లికాని చెల్లెలి క్వార్టర్‌లో దిగాడు. ఇది రెండేళ్ల కిందటి మాట. మెట్టుగూడలో అన్ని ఇళ్లుండగా ఒక్కటీ ఆయన కంటబడలేదు. వెనక గది ఆయనదైంది, వరండా పేతురుదైంది. డోరాకి ముందు గదిలో బల్ల పక్కన మంచం మిగిలింది.

ఇప్పుడు పేతురుకి దేవకృప అనే అమ్మాయితో పెళ్లి కుదిరింది. ఈస్టర్ తర్వాత ముహూర్తం. కొత్త జంటకి ముందు గది కావాలి. అంటే బల్ల మీది ఊరు గోనెసంచుల్లోకి, డోరా వంటింట్లో చాప మీదికి.

ఈ మాట జీవరాజు చెల్లెలి మొహం మీద చెప్పలేదు. ఆయన ఎవరికీ ఏదీ ఎదురుగా చెప్పడు, దేవునికి చెప్తాడు. రాత్రి ఎనిమిదింటి కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఆటవస్తువులతో నిండిన గదిని ఖాళీచేయు మంచి మనస్సు మా సహోదరికి దయచేయుము."

ఆలిస్, పేతురు గట్టిగా ఆమెన్ అన్నారు. డోరా కళ్లు తెరవకుండానే అందుకుంది.

"కరుణామయుడవైన తండ్రీ, ఈ క్వార్టరు ఎవరి పేరిట మంజూరైనదో మా సహోదరునికి జ్ఞాపకము చేయుము."

అలవాటు చెడ్డది. ఆలిస్ నోట్లోంచి దానికీ ఆమెన్ వచ్చేసింది.

వారం రోజులు యుద్ధం ప్రార్థనలోనే నడిచింది. దేవుడు ఎటూ తేల్చలేదు. శుక్రవారం డోరా ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల పక్కన మూడు గోనెసంచులు మడిచి పెట్టి ఉన్నాయి. మర్నాడు మొదటి శనివారం. ఆమె ఎప్పటిలాగే బస్సెక్కింది.

బ్రహ్మచారి కొత్తగా వచ్చిన కోట సెట్టు చూపించబోయాడు. డోరా వద్దంది.

"ఇల్లు కావాలె. నలుగురు ఉండేది. మా వదినకి వంటింట్లో గాలాడాలె."

"ఈసారి ఎవరికి మేడమ్?"

"మా అన్నకి."

"ఎన్నేండ్లు?"

"అరవై రెండు."

"అయితే మెట్లు తక్కువున్నది చూద్దాం," అన్నాడు బ్రహ్మచారి.

ఆదివారం చర్చి నుంచి వచ్చి డోరా కట్టడం మొదలుపెట్టింది. ఎర్ర కప్పు, తెల్ల గోడలు, రెండు పడకగదులు. వంటిల్లు ఇరుకనిపిస్తే హార్లిక్స్ సీసాలోని ముక్కలతో కాస్త జరిపింది. ఆరింటికి దీపం వెలిగింది. చింతచిగురు, రొయ్యలు కలిపి ఉడుకుతున్న వాసన గదంతా పరుచుకుంది.

జీవరాజు గోనెసంచులు చంకన పెట్టుకుని వచ్చాడు. ఊరంతా మూటకట్టబోయిన మనిషి, వాసనకి ఆగాడు. బల్ల మీది ఎర్ర ఇంటి గుమ్మంలోంచి లోపలికి చూద్దామని వంగాడు. వంగినవాడు వంగినట్టే లోపలికి పోయాడు. కాసేపటికి ఆయన గొంతు సన్నగా వినబడింది.

"ఆలిస్, గాలి మంచిగొస్తుంది. కుక్కర్ తీసుకొని రా."

ఆలిస్ కుక్కర్‌తో పోయింది. పేతురు దుప్పటితో పోయాడు. అతని మోటర్‌సైకిల్ మాత్రం బయటే ఉండిపోయింది. బండి పెట్టుకునే చోటు ఆ సెట్టులో లేదు.

పెళ్లి కార్డుల మీద చిరునామా సరిగ్గానే అచ్చయింది: ఎర్ర కప్పు ఇల్లు, బల్ల మీద, డోరా గారి ముందు గది, లాలాగూడ. దేవకృప పుట్టింటివాళ్లు వచ్చి రెండు పడకగదులు చూసుకుని తృప్తిగా పోయారు. అద్దె ఎంతని రోసమ్మ ఒక్కతే అడిగింది. డోరా తన మంచం వెనక గదిలోకి మార్చుకుని, ఏడాదిగా కిటికీ తలుపులు బార్లా తీసుకుని నిద్రపోతోంది.

ప్రార్థన మాత్రం ఆగలేదు. ఎనిమిదింటికి ఎర్ర కప్పు కింద మొదలవుతుంది, డోరా బల్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటుంది. దేవకృపకి ఐదో నెల వచ్చిన రోజున జీవరాజు గొంతు సవరించుకున్నాడు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, మా గృహముమీద మేడగది యొకటి కట్టు మంచి మనస్సు మా సహోదరికి..."

"కళ్లు తెరిచి అడుగన్నా," అంది డోరా.

బల్ల మీది స్టేషనులోకి ఎనిమిదీ పది రైలు వచ్చి, ఆగి, పోయింది. అప్పుడు కిటికీ తెరుచుకుంది. జీవరాజు తల ఎత్తి, చాలా పైకెత్తి, చెల్లెలి మొహంలోకి చూశాడు.

"చెల్లె, జెర పైన ఒక గది కడతవా?"

డోరా హార్లిక్స్ సీసా దించింది గాని మూత తియ్యలేదు.

"ముందు ఆ గోనెసంచులు బయటికియ్యి."

కిటికీలోంచి మూడు సంచులు ఒకదాని వెనక ఒకటి బల్ల మీద పడ్డాయి. ఒక్కోటి తపాలా బిళ్లంత ఉంది. డోరా వాటిని వేలి కొసకి అంటించుకుని తీసి, చెత్తబుట్టలో వేసి, వచ్చి కూర్చుని, సీసా మూత తిప్పింది.