మునిరాజు మౌసు

టక్, టక్. మునిరాజు చూపుడువేలు పొద్దున్నే పనిలోకి దిగింది. ఆనేకల్ నుంచి బస్సులో ఎలక్ట్రానిక్ సిటీ చేరి, లంచ్ బాక్సు కింద పెట్టకముందే మౌసు పట్టుకునే మనిషి అతను. ఏళ్ల తరబడి అదే కుర్చీ. మోచెయ్యి ఆనేచోట బల్ల రంగు పోయి నున్నబడింది. ఒక్క మాట కాపీ చేయాలన్నా మౌసుతో ఈడ్చి, కుడిబటన్ నొక్కి, తెరుచుకున్న మెనూలో వెతికి... చూసేవాళ్లకి ఓపిక ఉండాలి మరి!

పక్కసీటు వరూధినికి ఆ ఓపిక బొత్తిగా లేదు. ఆవిడ చేతులు కీబోర్డు వదలవు. రోజూ భోజనమయ్యాక, తన పేరు చెక్కించుకున్న స్టీలు గిన్నె కడిగి తెచ్చి, మునిరాజు మౌసు మీద బోర్లించేది. "షార్ట్‌కట్‌తో చెయ్యండి, అప్పుడిస్తా!" అతను బతిమాలి తీసుకునేవాడు. ఇవాళ మాత్రం బోర్లించలేదు. ఆవిడకి ఇక్కడ ఇదే ఆఖరి రోజు. సోమవారం నుంచి వైట్‌ఫీల్డ్‌లో వేరే కంపెనీ. మునిరాజుకి మనసు మనసులో లేదు.

పైగా ఆవిడ చూసే ఆసుపత్రి ప్రాజెక్టు ఇక ఎవరికిస్తారన్నది ఒకటి.

"సాయంత్రం డెమోలోపు ఈ మార్పు మీరే చేస్తే ప్రాజెక్టు మీకు. లేదంటే చెన్నై టీమ్‌కి," అని మేనేజర్ రియాజ్ తేల్చేశాడు.

మార్చాల్సింది ఒకే పేరు. కానీ పొడుగాటి ఫైలు నిండా అదే. ఒక్కొక్కటే క్లిక్ చేస్తుంటే మునిరాజుకి చెమటలు పట్టాయి. నాది అని చెప్పుకోడానికి ఇన్నేళ్లకి ఒక ప్రాజెక్టు దొరకబోతుంటే, ఇదేం ఖర్మ!

"కీబోర్డంటే అంత భయమేంటండీ మీకు?" అంది వరూధిని.

"కాటన్‌పేటలో గుడ్డలంగట్లో బిల్లులు కొట్టేటప్పుడు ఏదో కీ ఒత్తితిని మేడం. స్క్రీన్ మీద ఉండేదంతా మాయమైపాయ. ఓనరు అందరి ముందరా తిట్న్యాడు. అప్పట్నుంచీ గుండెదడే."

వరూధిని నవ్వలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది. "అయితే ముందు కంట్రోల్, జెడ్ గుర్తుపెట్టుకోండి. ఏం పోయినా వెనక్కొచ్చేస్తుంది. ఇప్పుడు ఆ పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎల్ నొక్కండి."

నొక్కాడు. ఆ పేరున్న ప్రతిచోటూ ఒక్కసారిగా వెలిగింది. కంగారులో వేలు డిలీట్ మీద పడింది. అన్నీ మాయం! కళ్లు మూసుకుని కంట్రోల్, జెడ్ కొట్టాడు. తెరిచి చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి.

"వచ్చేసెనప్పా! అన్నీ వచ్చేసె!"

కుర్చీలోంచి లేచేశాడు. ఫ్లోరంతా తలలెత్తి చూసింది. చూడనీ! మళ్లీ చెరిపాడు, మళ్లీ తెప్పించాడు. కొత్త సైకిలు దొరికిన పిల్లాడికీ అతనికీ తేడా లేదు. ఆ తర్వాత కొత్త పేరు టైపు చేశాడు. ఒక్కచోట కొడుతుంటే ఫైలంతా అక్షరం వెంట అక్షరం మారిపోతోంది. అబ్బ, ఎంత సంబరం! సేవ్ కూడా కీతోనే చేశాడు.

డెమో సాఫీగా సాగింది. "ప్రాజెక్టు మీదే," అన్నాడు రియాజ్.

ఆ కబురు వరూధినికి చెప్పాలని మునిరాజు దాదాపు పరిగెత్తుకొచ్చాడు. పక్కసీటు ఖాళీ. క్యాబ్ వచ్చిందని ఇప్పుడే వెళ్లిపోయిందట. అయ్యో, థాంక్స్ అయినా చెప్పలేదే అనుకున్నాడు.

కూర్చుని అలవాటుగా కుడిచెయ్యి చాపాడు. చల్లగా స్టీలు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని కీబోర్డు మీద వేశాడు.

మౌసు మీద, వరూధిని అని పేరు చెక్కిన గిన్నె ఎప్పటిలాగే బోర్లించి ఉంది.