నిచ్చెన ఎక్కని మేస్త్రి

కాపురం పెట్టిన ఇరవయ్యో రోజున మా మంచం మీద వాన కురిసింది. సరిగ్గా మా ఆయన దిండు మీద. గిన్నె పెడితే టంగు టంగుమని మోగింది. ఆ చప్పుడు కూడా మాకు ముద్దుగానే ఉంది.

ఆ ముద్దు మర్నాడు చినమామయ్యగారు వచ్చేదాకానే. ఆయన మా ఆయనకు చిన్నాన్న. ఈ రేకుల ఇంట్లో పదేళ్ళుండి, సొంతిల్లు కట్టుకున్నాక దీన్ని మాకిచ్చారు. ఆయనకు తెలియని పని లేదు, సరిగ్గా చేసిన పనీ లేదు. కప్పు కారుతోందని విని, వెంట ఒక రేకుల మేస్త్రిని తెచ్చారు.

మేస్త్రి సీలింగు మీది మరకను చూసి, నాడి పట్టిన వైద్యుడిలా కళ్ళు మూసుకున్నాడు.

"కప్పంతా పోయిందమ్మా. మొత్తం మార్చాలి."

చదువుకున్నదాన్ని కదా, ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకున్నాను.

"కారే చోట బాగుచేస్తే చాలదా?"

"చాలదు. మొత్తం మార్చాలి."

"పాత రేకుల మీదే కొత్తవి వేస్తే?"

"మొత్తం మార్చాలి."

"మీరు పైకెక్కి చూశారా?"

"ఎక్కడమెందుకమ్మా, కింద నుంచే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళ అనుభవం."

ముప్పై ఏళ్ళుగా నేల మీద నిలబడి కప్పులు వేస్తున్న మనిషిని చూడడం నాకదే మొదలు.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని మా ఆయన అడిగారు.

"నెల. ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"దానికేముందిరా, మా ఇంట్లో ఉండండి," అన్నారు చినమామయ్యగారు. "హాల్లో పక్కేస్తాం. తెల్లారి ఐదింటికి రేడియో పెడతాను, బద్ధకం వదులుతుంది. రేపే మొదలుపెట్టేద్దాం."

నేను చుట్టూ చూశాను. మా గది, మా కిటికీ, రెండే కాఫీ కప్పులున్న మా వంటిల్లు. గోటితో పోయేదానికి గొడ్డలి, పైగా నెల రోజులు హాల్లో పక్క.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసి నేను పైకెక్కాను. మా ఆయన గదిలో సీలింగు చెక్క ఒకటి తీసి టార్చి పట్టుకున్నారు. చూరు దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి జరుగుతూ పైపుతో నీళ్ళు పోశాను. మంచానికి సరిగ్గా పైన పోస్తే చుక్క పడలేదు. ఇంకా ఆరడుగులు పైకి వెళ్ళాక, "వచ్చిందోయ్," అని కింద నుంచి కేక. నీళ్ళు అక్కడ దిగి, దూలం వెంట నడుచుకుంటూ వచ్చి దిండు మీద పడుతున్నాయి.

అక్కడ చదరంగా నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి. వాటిలో కుక్కిన కొవ్వొత్తి మైనం ఎండకు కరిగి, చుట్టూ మరకలు కట్టి ఉంది.

అంతలో గేటు దగ్గర చినమామయ్యగారూ మేస్త్రీ దిగారు.

"మామయ్యగారూ, ఇక్కడ నాలుగు రంధ్రాలున్నాయి. ఏమై ఉంటాయంటారు?"

"అవా? టీవీ డిష్షు తీసేసినప్పుడు మైనంతో గట్టిగానే మూశానే."

మైనం మాట నేనింకా ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరని నేను అడగకముందే ఈయన భుజాలు తడుముకున్నారు. మా ఆయన గుమ్మంలో నిలబడి టార్చిని శ్రద్ధగా తుడుచుకున్నారు.

మేస్త్రి మాత్రం గొంతు సవరించుకున్నాడు. "చూశారా, పైనే ఉందని నేను అనలేదూ?"

"అయితే ఎక్కండి, ఒక అతుకు వేద్దురుగాని," అని నిచ్చెన చూపించాను.

మేస్త్రి నిచ్చెనను కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా చూశాడు.

"ఎత్తుకెళితే నాకు కళ్ళు తిరుగుతాయమ్మా," అన్నాడు.

అతుకు మేమే వేసుకున్నాం. రంధ్రాల మీద రేకు ముక్క, రబ్బరు వాషర్లు, అంచుల చుట్టూ సీలెంటు బంక. నా ముక్కు మీద కూడా కొంత అంటింది. మా ఆయన దాన్ని తుడవడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తీసుకున్నారు.

ఆ వారం పెద్ద వాన పడింది. గిన్నె మోగలేదు. ఐదింటికి రేడియో కూడా.